చిన్నరైలు కూత మామ్మ నోటితోనే వేయించండి

సంపాదకుల వారికి,

నమస్కారం. పత్రికల్లో లఘుచిత్రాల పోటీల ప్రకటనలు తరచూ చూస్తుంటాం. నిబంధనలు దాదాపు ఒక్కలాగే ఉంటాయి. కథ ఉండాలి, సంభాషణలుండాలి, సందేశం ఉండాలి, ఇన్ని నిమిషాలు దాటకూడదు. ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లోని తెలుగు పిల్లలు ఆ ప్రకటనలు చూసి ఫోన్లు పట్టుకుని బయల్దేరుతున్నారు. సంతోషమే. కానీ వాళ్లలో చాలామంది చెప్పాలనుకుంటున్నది కథ కాదు. పోయిన తాత గొంతు, అమ్మేసిన ఇల్లు, ఒడియా బడిలో చేరాక మెల్లగా జారిపోయిన తెలుగు అక్షరాలు, ఆగిపోయిన రైలు. వీటికి మలుపులుండవు, ముగింపు ఉండదు. నిబంధన కోసం వాటిని కథ చేయబోతే ఒక కుర్రాడు జుట్టుకు తెల్లరంగు పూసుకుని తాతలా కూర్చోవాలి, పియానో మోగాలి, స్లోమోషన్‌లో కన్నీరు జారాలి. అసలు తాత అందులో ఎక్కడా ఉండడు.

జ్ఞాపకం మీద చిత్రం తీసేవాళ్లు గుర్తున్నదాన్ని నటింపజేయకూడదని మా నమ్మకం. ఈ రోజుకు మిగిలి ఉన్నదేదో దాన్ని దగ్గరగా చూపాలి, పోయినదాని చోటు ఖాళీగా వదిలేయాలి. ఈ మాట ఊరికే చెబితే గాలిలో పోతుంది కాబట్టి, పనిలో అదెలా ఉంటుందో కొంచెం వివరంగా రాస్తున్నాం. ఉత్తరం పెద్దదైతే మన్నించండి.

చిన్నరైలునే తీసుకోండి. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన రెండున్నర అడుగుల పట్టాల బండి అది. తర్వాత గుణుపురం దాకా వచ్చింది. పట్టాలు వెడల్పు చేయడానికి 2004లో ఆపేశారు, 2011లో గుణుపురం దాకా పెద్దరైలు వచ్చింది. చిన్నరైలు మీద తీసేవాళ్లు మొట్టమొదట చేసే పని ఇంటర్నెట్‌లో ఆవిరి ఇంజను కూత వెతికి దించుకోవడం. అది ఏ దేశపు బండిదో, ఏ కొండల్లో కూసిందో ఎవరికీ తెలియదు. ఆ బండెక్కి సంతకు వెళ్లిన మనిషికి మాత్రం మొదటి క్షణంలోనే తెలిసిపోతుంది, ఇది మా బండి కాదని. ఆ తర్వాత మీరేం చూపినా ఆ మనిషి నమ్మదు.

ఆ కూత ఇప్పుడు ఎక్కడుంది? విన్నవాళ్ల నోళ్లలో ఉంది. “చిన్నరైలు గురించి మీ అనుభవాలు చెప్పండి” అని అడిగితే సన్మాన సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు. “మామ్మా, బండెలా కూసేది?” అని అడగండి. ముందు నవ్వుతుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. పక్కనున్నవాళ్లను చూస్తుంది. తర్వాత గొంతు సవరించుకుని ఒక్కసారి కూస్తుంది. సగంలో ఊపిరి అందక ఆగుతుంది, దగ్గుతుంది, “అలాక్కాదు, ఉండు” అని మళ్లీ మొదలెడుతుంది. ఆ నవ్వు, ఆ దగ్గు, ఆ రెండో కూత మూడూ ఉంచండి. వాటి కింద పాత రైలు ఫొటో పెట్టకండి. ఇప్పటి పట్టాలో, ఖాళీ గోడో, ఉత్త నలుపో పెట్టండి. బొమ్మ చేతికిస్తే చూసేవాళ్ల మనసు వెతకడం మానేస్తుంది. బొమ్మ లేకపోతే ప్రతివాళ్లూ తమ బండిని తామే తెచ్చుకుంటారు.

అందుకే ఇలాంటి చిత్రాలకు కెమెరా కన్నా ముందు శబ్దం సమకూర్చుకోవాలి. మంచి బొమ్మకు చెడ్డ శబ్దం తోడైతే జనం రెండు నిమిషాలు కూడా కూర్చోరు. మసకబొమ్మకు స్పష్టమైన గొంతుంటే కూర్చుంటారు. ఫోన్ చాలు, కాకపోతే ఎలా పెట్టాలో తెలియాలి. ఫోన్ అడుగుభాగంలో ఉన్న మైకు మాట్లాడే మనిషి నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కాస్త పక్కకు ఉండాలి. సూటిగా పెడితే ‘ప’, ‘ఫ’, ‘భ’ పలికినప్పుడల్లా ఊపిరి మైకుకు కొట్టి ‘ధబ్’మంటుంది. బల్ల మీద నేరుగా పెట్టకూడదు. చెయ్యి ఆనినా గ్లాసు పెట్టినా బల్ల మోగుతుంది. నాలుగు మడతల తువ్వాలు కింద వేయండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. రికార్డర్ యాప్‌లో వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్ ఎంచుకోండి. శబ్దం కొలిచే గీత అతి గట్టిగా మాట్లాడినప్పుడు కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గరే ఆగాలి. సున్నాను తాకితే శబ్దం పగులుతుంది, ఆ పగులును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతకలేదు. ‘నాయిస్ రిడక్షన్’ అన్న మీట ఉంటే ఆపేయండి. అది ఫ్యాను చప్పుడుతో పాటు మాటకు ముందున్న ఊపిరిని కూడా మింగేస్తుంది. మనకు కావలసింది ఆ ఊపిరే.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మైకు వాడకండి. అది ఫోన్‌కాల్ స్థాయికి పడిపోతుంది, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. కాలరుకు తగిలించే తీగ మైకు కొనేటప్పుడు పిన్ను చూడండి. మూడు నల్లగీతలున్నది ఫోన్‌కు, రెండు గీతలున్నది కెమెరాకు. రెండు గీతలది ఫోన్‌కు తగిలిస్తే ఫోన్ తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుంటూ పోతుంది. ఇంటికొచ్చి వినేదాకా తెలియదు. మొదటి పది సెకన్లు రికార్డు చేసి, హెడ్‌ఫోన్‌తో విని, అప్పుడు మొదలెట్టండి.

సీలింగ్ ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. మే నెలలో పెద్దవాళ్లను ఫ్యాను లేకుండా కూర్చోబెట్టడం తప్పు కాబట్టి తెల్లవారుజామునే, నాలుగైదు నిమిషాల చొప్పున చేయండి, మధ్యలో ఫ్యాను వేయండి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళంచెవి అందులో పెట్టేయండి. మళ్లీ వేయకుండా ఇంటికి వెళ్లలేరు, వాళ్ల పాలు విరిగిపోవు. చివర్లో అందరూ కదలకుండా, మాట్లాడకుండా ఒక నిమిషం ఉత్త గదిని రికార్డు చేయండి. ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఉంటుంది. రేకుల ఇంటిది వేరు, మిద్దెది వేరు, వంశధార ఒడ్డున పెంకుటిల్లుది వేరు. మాటల మధ్య కత్తిరించిన చోట్ల ఆ గది నిశ్శబ్దం పరచకపోతే, శబ్దం ఆగిన ప్రతిసారీ చూసేవాళ్లు టీవీ పాడైందా అని రిమోట్ వెతుక్కుంటారు.

పోయినవాళ్ల గొంతు వాట్సాప్‌లో మిగిలి ఉంటే, ఆ వాయిస్ మెసేజిని మరో ఫోన్ పక్కన పెట్టి మోగించి రికార్డు చేయకండి. అసలు ఫైలు ఫోన్ ఫోల్డర్లలో ఓపస్ రకంగా ఉంటుంది, దాన్నే కంప్యూటర్‌లోకి తీసుకోండి. అది ముందే కుదించిన శబ్దం కాబట్టి పైస్థాయి స్వరాలు ఉండవు, పలచగా వినిపిస్తుంది. దాన్ని స్టూడియో గొంతులా చేయాలని ఈక్వలైజర్‌తో కుస్తీ పట్టొద్దు. అది ఫోన్‌లో దాచుకున్న గొంతు, అలాగే వినపడనివ్వండి. వీడియోలు పంపుకొనేటప్పుడు మామూలుగా పంపితే కుదించుకుపోతాయి, ‘డాక్యుమెంట్’గా పంపాలి.

గొంతు సంగతిలోనే భాష సంగతీ చెప్పాలి. మన పిల్లలు మామ్మ మాటలను రికార్డు చేసి, తర్వాత వాటిని సినిమా తెలుగులో రాసుకుని, స్పష్టంగా చదివే ఇంకొకరితో డబ్బింగ్ చెప్పిస్తున్నారు. “బండి ఎల్లిపోనాదంటే మరి సందేల దాకా నేదు” అన్న వాక్యాన్ని “రైలు వెళ్లిపోతే సాయంత్రం వరకు మరో రైలు ఉండేది కాదు” అని మారిస్తే సమాచారం మిగులుతుంది, మనిషి పోతుంది. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు అంత పోరాటం చేసింది పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే. సవర భాష నేర్చుకున్నదీ ఇక్కడే. 1936లో ఈ ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన వదిలి వెళ్లిన ఊళ్లో మామ్మ మాటను దిద్దడం న్యాయం కాదు. ఒడియా మాటలు కలిస్తే కలవనివ్వండి. లెక్క ఒడియాలో, తిట్టు తెలుగులో, లాలిపాట రెండింట్లోనూ ఉంటే అదే ఈ సరిహద్దు జీవితం. పోటీల న్యాయనిర్ణేతలు ‘ఉచ్చారణ దోషం’ పేరుతో మార్కులు తగ్గించడం మానాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇక కెమెరా. ఫోన్లన్నీ మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు, షట్టరు, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు పడనిచ్చే సమయం, తమకు తోచినంత పెట్టుకుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే ట్యూబ్‌లైటూ చౌక ఎల్‌ఈడీ బల్బూ సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతాయి. షట్టరు 1/60 సెకను ఉంటే ఒక్కో ఫ్రేములో ఒక్కోలా వెలుగు పడి, తెరమీద నల్లచారలు పైకీ కిందకీ పాకుతాయి. రాత్రి పూట ఇంట్లో తీసిన చాలా చిత్రాలకు పట్టిన జబ్బు ఇదే, ఎడిటింగులో సులువుగా పోదు. 25 ఫ్రేములు, 1/50 షట్టరు పెట్టండి. ఫోన్‌లో 25 లేకపోతే 30 ఉంచి, షట్టరు మాత్రం 1/50 గానీ 1/100 గానీ చేయండి. ఓపెన్ కెమెరా, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్‌లలో ఇవి చేత్తో పెట్టుకోవచ్చు, అయితే అన్ని ఫోన్లూ అన్ని మీటలూ ఇవ్వవు. ఎక్స్‌పోజరు, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడింటినీ తాళం వేయండి. వేయకపోతే కిటికీ ముందు నుంచి ఎవరైనా నడిచి వెళ్లగానే గది మొత్తం ఒక్కసారి తెల్లబడి మళ్లీ చీకటవుతుంది.

ఫోన్ వీడియోల్లో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు. శబ్దం విడిగా రికార్డు చేస్తే పది నిమిషాల షాటులో పెదవులూ మాటలూ తప్పిపోతాయి. షాటు మొదట్లో ఒకటి, చివర ఒకటి చప్పట్లు కొట్టండి. ఎడిటింగుకు ముందు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేరులో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్’ పెట్టి మార్చుకోండి. 30లో తీసినదాన్ని 25కు మార్చకండి, కదలిక గతుకులు పడుతుంది.

పాత ఫొటోల దగ్గర అందరూ తొందరపడతారు. గాజు పలకకు అతుక్కుపోయిన ఫొటోను పీకకండి. బొమ్మ గాజుకే ఉండిపోయి కాగితం మాత్రం చేతికొస్తుంది. గాజుతో సహా స్కాన్ చేయండి, లేదా కిటికీ వెలుగు పక్క నుంచి పడేలా పెట్టి, కెమెరా వెనక నల్లగుడ్డ పట్టుకుని తీయండి. జిగురు పేజీల ఆల్బంలో ఫొటోలు రాకపోతే పలుచని దారాన్ని ఫొటో వెనక నుంచి రంపంలా నెమ్మదిగా ఆడించాలి, అప్పటికీ రాకపోతే పేజీతోనే స్కాన్. పోస్టుకార్డు ఫొటోకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెడితే 2400, 3600 చుక్కల బొమ్మ వస్తుంది, ఒక ముఖం దగ్గరికి వెళ్లడానికి సరిపోతుంది. పాస్‌పోర్టు ఫొటోకు 1200 పెట్టండి. నెగెటివులుంటే ఇంకో ఫోన్ తెల్లతెర మీద పెట్టి తీయొచ్చు గానీ, నేరుగా ఆనిస్తే తెర చుక్కలు వల పరిచినట్టు కనిపిస్తాయి. మధ్యలో ట్రేసింగ్ కాగితం పెట్టి, నెగెటివును తెరకు రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉంచాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో వానకు, వరదకు ఇళ్లే నిలవలేదు, ఆల్బంలు నిలుస్తాయా. తడిసి ఆరి, ఒకదానికొకటి అంటుకుపోయిన ల్యాబ్ ఫొటోలు ఇప్పటికీ పెట్టెల్లో ఉన్నాయి. వాటిని చల్లని మంచినీళ్లలో నానబెట్టి, వాటంతటవి వదులయ్యాక విడదీయొచ్చు. బొమ్మ ఉన్న వైపు వేలు రాయకూడదు, నానిన జిలటిన్ పొర మీగడలా లేచిపోతుంది. బొమ్మ పైకుండేలా గుడ్డ మీద ఆరబెట్టాలి. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌తో తీసుకున్న ఫొటోలను మాత్రం నీళ్లలో వేయకూడదు, రంగు పోతుంది. నీళ్లలో పెట్టేముందే, ఎలా ఉన్నది అలా ఒకసారి ఫొటో తీసి ఉంచండి. విడదీయడంలో పోయినా అదైనా మిగులుతుంది.

ఇక్కడొక మనవి. మరకలు తుడిచి, రంగులద్ది, ముఖాలకు మెరుగులు దిద్దే యాప్‌ల జోలికి పోవద్దు. మసకబారిన కళ్ల చోట ఆ యాప్ తనకు తెలిసిన వేరే కళ్లను ఊహించి పెడుతుంది. చూడ్డానికి చక్కగానే ఉంటుంది. అవి మీ అమ్మమ్మ కళ్లు కావు. తుపాను మరక కూడా ఆ ఫొటో జీవితమే, దాని మీదుగా కెమెరాను నెమ్మదిగా పోనివ్వండి.

పెళ్లి క్యాసెట్ల సంగతి ఇంకా తొందర పని. ఆ క్యాసెట్లు ఆడించే వీసీఆర్ తయారుచేసే చివరి కంపెనీ జపాన్‌లో 2016లోనే మానేసింది, ఉన్నవాటితోనే సర్దుకోవాలి. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లబూజు కనపడితే యంత్రంలో పెట్టకండి. టేపును చదివే హెడ్డుకు పట్టి, తర్వాత పెట్టిన క్యాసెట్లకు కూడా అంటుకుంటుంది. బాగున్న టేపునైనా ముందు ఒకసారి చివరిదాకా ముందుకీ వెనక్కీ తిప్పి, అప్పుడు ప్లే చేయండి. ఏళ్ల తరబడి బిగుసుకున్న చుట్లు సర్దుకుంటాయి. టేపు బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల క్యాప్చర్ డాంగిల్‌తో 720, 576 కొలతలో, సెకనుకు 25 ఫ్రేములతో తీసుకోండి. బొమ్మ నాలుగుకు మూడు నిష్పత్తిలోనే ఉండాలి. వెడల్పు తెర నిండాలని సాగదీస్తే పెళ్లికూతురు ముఖం పళ్లెంలా అవుతుంది. అంచుల్లో ఖాళీ ఉంటే ఉండనివ్వండి.

ఆ క్యాసెట్లో వెతకాల్సింది తలంబ్రాలు కాదు. అవి ఎవరి పెళ్లిలోనైనా ఒక్కలాగే ఉంటాయి. వీడియో తీసేవాళ్లు కెమెరా ఆపడం మర్చిపోయిన చోట్లు, లైటు సరిచేసుకుంటుండగా మూల నుంచి కనిపించే వంటవాళ్లు, అరుగు మీద నిద్రపోయిన పిల్లలు, కాసేపు నేలను చూపిస్తూ ఊగే కెమెరా. ఎవరూ దాచుకోవాలనుకోని ఆ అర నిమిషంలోనే ఇల్లు ఇల్లులా కనిపిస్తుంది. పెళ్లి వీడియోల్లో చాలావాటికి అసలు శబ్దం తీసేసి సినిమా పాటలు పరిచి ఉంటాయి. తీసిన స్టూడియోలో కత్తిరించని మాస్టర్ టేపు ఇంకా ఉందేమో అడగండి. లేదంటే బొమ్మను మూగగానే వాడండి, దాన్ని చూస్తూ ఆ పెళ్లికి వెళ్లినవాళ్లు మాట్లాడుకునేది రికార్డు చేయండి. “వీడెవడే?” “మన రాజాం పెద్దమ్మ కొడుకు కాదూ!” ఇంతకు మించిన వ్యాఖ్యానం ఎవరూ రాయలేరు.

ఫొటోను నీళ్లలో కరిగించే దృశ్యం ఇప్పుడు చాలా చిత్రాల్లో కనిపిస్తోంది. చేసేవాళ్లు పద్ధతి తెలుసుకోవాలి. జిరాక్స్, లేజర్ ప్రింట్లు కరగవు. ఆ నలుపు వేడితో కాగితానికి అతికిన ప్లాస్టిక్ పొడి. ఇంక్‌జెట్‌తో మామూలు కాగితం మీద తీసిన ప్రింటే కరుగుతుంది. స్టీలు పళ్లెంలో వేలి మందం నీళ్లు పోసి, కాగితాన్ని ఒక అంచు నుంచి వదలండి. కొన్ని ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో రంగులు కరిగే రకం, నలుపు మాత్రం కరగని రకం ఉంటాయి. వాటితో తీసిన ప్రింటులో చీర రంగు పారిపోయి కనుబొమలు, జడ, కాటుక గీతలు నిలిచిపోతాయి. పూర్తిగా కరిగిపోవడం కన్నా అది ఎంతో బాధ కలిగిస్తుంది. నాలుగైదు కాపీలు దగ్గరుంచుకోండి, మొదటిది ఎప్పుడూ చేయి వణికి పాడవుతుంది. అయితే నీళ్లు ఆ ఇంటి కథలో ఉంటేనే ఈ పని చేయండి. వరద తీసుకుపోయిన ఫొటోలకు నీళ్లు తగును. ఎవరో అమ్మేసిన ఇంటి జ్ఞాపకానికి నీళ్లెందుకు?

దీనికన్నా మన ఇళ్లకు దగ్గరైన పద్ధతి ఇంకొకటుంది. పసుపుతో ఫొటో అచ్చు. పసుపులోని రంగు ఎండకు వెలిసిపోతుంది, పసుపు బట్ట ఎండలో ఆరేసిన ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే. క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పారాణి కలిపినవాళ్లందరికీ తెలుసు. ఈ రెండే ఇందులోని రసాయనం. కంధమాల్ పసుపైనా, సంతలో కొన్న కొమ్ములు దంచుకున్నదైనా రెండు చెంచాలు తీసుకుని, మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ 60 మిల్లీలీటర్లలో కలిపి, పావుగంట ఉంచి వడకట్టండి. దగ్గర్లో పొయ్యి, అగ్గిపుల్ల ఉండకూడదు. డ్రాయింగ్ షాపులో దొరికే మందపాటి కాగితానికి ఆ తేటను కుంచెతో సమంగా రాసి, చీకటి గదిలో ఆరనివ్వండి. ఫొటోను నెగెటివ్ కాకుండా మామూలుగానే, నలుపు తెలుపుల తేడా పెంచి, పారదర్శక షీటు మీద లేజర్ ప్రింటు తీయించండి. ఒక్క షీటు నలుపు పలచగా ఉండి ఎండను ఆపలేదు. రెండు షీట్లు తీయించి అంచులు కలిపి ఒకదానిమీద ఒకటి అతికించండి. కాగితం మీద షీటు, దానిమీద గాజు పలక పెట్టి, నాలుగు వైపులా క్లిప్పులు బిగించి మధ్యాహ్నపు ఎండలో రెండు నుంచి నాలుగు గంటలు ఉంచండి. మబ్బు పట్టిన రోజుల్లో కుదరదు. వర్షాకాలంలో ఈ పని పెట్టుకుంటే నిరాశే. క్లిప్పు ఒకవైపే తీసి, మూల ఎత్తి చూడండి. తెల్లని చోట్లు వెలిసి కాగితం రంగు కనపడితే తీసేయొచ్చు. తర్వాత పావు లీటరు నీళ్లలో ఒక చెంచా వెలిగారం కరిగించి కుంచెతో రాస్తే, మిగిలిన పసుపంతా ఎర్రమట్టి రంగుకు తిరిగి ముఖం తేలుతుంది. సున్నపు తేటతోనూ ఎర్రబడుతుంది గానీ ఆరేకొద్దీ మళ్లీ పసుపుకు మళ్లుతుంది, వెలిగారం రంగు ఎక్కువ నిలుస్తుంది. ముఖం తేలకపోతే సాధారణంగా కారణాలు రెండు. షీటు నలుపు చాలక అంతా వెలిసిపోయి ఉంటుంది, లేదా పసుపు మరీ చిక్కగా రాసి ఎండ చాలక ఏదీ వెలిసి ఉండదు.

ఈ అచ్చును స్థిరపరచే మందు లేదు. ఎండలో పెడితే పోతుంది, గోడకు పెట్టినా కొన్నాళ్లకు పలచబడుతుంది. జ్ఞాపకం మీద తీసే చిత్రానికి ఇదే దాని విలువ. గాజు, షీటు లేకుండా ఆ అచ్చును ఎండలో ఉంచి, 30 సెకన్లకొక ఫొటో చొప్పున మూడు గంటలు తీస్తే 360 ఫొటోలు వస్తాయి. సెకనుకు 12 చొప్పున కూర్చితే అర నిమిషం. ఆ అర నిమిషంలో ముఖం తెరమీదే వెలిసిపోవడం మొదలవుతుంది. ఏ ఎడిటింగు ఎఫెక్టూ ఇలా ఉండదు. ఎందుకంటే ఇది నిజంగా జరిగింది. జాగ్రత్తలు మూడున్నాయి. మనవైపు మధ్యాహ్నపు ఎండ ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి పడుతుంది కాబట్టి స్టాండును అచ్చుకు ఉత్తరం వైపు పెట్టండి, లేకపోతే ఫోన్ నీడే ముఖం మీద పడుతుంది. ఎండకు ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది, అట్టముక్కతో గొడుగు పట్టండి. ఎక్స్‌పోజరుకు తాళం వేయండి, వేయకపోతే వెలిసేకొద్దీ ఫోన్ తానే చీకటి చేసుకుంటూ మీ శ్రమనంతా రద్దు చేస్తుంది.

ఎడిటింగుకు డావిన్సీ రిజాల్వ్ ఉచిత రూపం, పాత కంప్యూటరైతే కెడెన్‌లైవ్ సరిపోతాయి. రిజాల్వ్‌లో వీడియోలు తెచ్చాక టైమ్‌లైను ఫ్రేముల వేగం మార్చడం కుదరదు, ముందే పెట్టుకోండి. గొంతును మొదట పరిచి, నలభై నిమిషాల మాట నుంచి నాలుగు నిమిషాలు ఎంచండి. కాగితం మీద సమయంతో సహా రాసుకుంటే ఎంచడం తేలిక. బొమ్మలు ఆ తర్వాతే. “ఆ వేపచెట్టు” అని మామ్మ అనగానే వేపచెట్టు చూపించే అలవాటు పోవాలి. అమెరికా దర్శకుడు హోలిస్ ఫ్రాంప్టన్ 1971లో తీసిన ఒక చిత్రంలో ఫొటోలు ఒక్కొక్కటే విద్యుత్ పొయ్యి మీద కాలిపోతుంటాయి. గొంతు చెప్పేది మాత్రం ఇంకా రాని, తర్వాతి ఫొటో గురించి. చూసేవాళ్లు విన్నదాన్ని గుర్తుంచుకుని తర్వాతి బొమ్మలో వెతుక్కోవాలి, ఇప్పుడు చెబుతున్నదాన్నీ దాచుకోవాలి. గుర్తుంచుకోవడమంటే ఏమిటో చెప్పకుండానే వాళ్లతో చేయించాడు. ఆగిపోయిన ఫొటోలు సినిమా ఎలా అవుతాయని అడిగే న్యాయనిర్ణేతలకు ఇంకో మాట. ఫ్రాన్స్‌లో క్రిస్ మార్కర్ 1962లో దాదాపు మొత్తం నిశ్చల చిత్రాలతోనే 28 నిమిషాల సినిమా తీశాడు. కదిలే షాటు అందులో ఒక్కటే, కొన్ని క్షణాలు.

సబ్‌టైటిల్స్ మన ప్రాంతానికి తప్పనిసరి. మనవలు ఒడియా చదువుతారు, తెలుగు చదవలేరు. తెలుగు, ఒడియా నోటో ఫాంట్లు ఉచితం. సబ్‌టైటిల్ ఫైలును అన్ని లిపులనూ పట్టే యూటీఎఫ్-8 రకంగా దాచకపోతే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. చిత్రం మొత్తం చేసేముందు ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ అన్న మూడు మాటలు వేసి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కన పడితే ఆ సాఫ్ట్‌వేరు తెలుగుకు పనికిరాదు.

అసలు రికార్డింగులు చిత్రం కన్నా విలువైనవి. మూడు కాపీలుండాలి, అందులో ఒకటి వేరే ఊళ్లో, వేరే ఇంట్లో. ఫోన్ మెమరీ కార్డును కాపీగా లెక్కపెట్టకండి.

పోటీలు పెట్టేవారికి మా విన్నపం ఇదే. కథ, సందేశం అడగని విభాగం ఒకటి పెట్టండి. మూడు నాలుగు నిమిషాల చిత్రాలను తక్కువగా చూడకండి. మంచి స్పీకర్లలో వినండి. మీ పత్రిక సరిహద్దు జిల్లాల పేజీలో ఇలాంటి పనికి అప్పుడప్పుడు చోటిస్తే, ఏ ఊళ్లో ఎవరి దగ్గర నడిచే వీసీఆర్ ఉందో, స్కానర్ ఉందో ఒకరికొకరు తెలుసుకుంటారు.

పూర్తయిన చిత్రాన్ని పోటీకి పంపేముందు, ఆ గొంతు ఎవరిదో వాళ్ల ఇంట్లో, వాళ్ల టీవీలో చూపించాలి. పెన్‌డ్రైవు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండాలి, ఎన్నో పాత టీవీలు వేరే రకం చదవవు. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ మించకూడదు. వీడియో హెచ్ 264, ఎంపీ4 రకమైతే దాదాపు అన్నిట్లో ఆడుతుంది. టీవీని ‘వివిడ్’ నుంచి మామూలు రంగుకు మార్చండి, లేకపోతే పసుపు అచ్చు నారింజలా మండుతుంది. టీవీ వైపు కాకుండా మామ్మ వైపు చూస్తూ కూర్చోండి. ఏదైనా మాట తీసేయమంటే, చిత్రానికి ప్రాణం ఆ మాటే అయినా, ఆమె ఎదుటే తీసేయండి.

ఇట్లు,
పర్లాకిమిడి, గుణుపురం నుంచి
కొందరు పాఠకులు